ఫ్రెంచి రాదని ధ్రువీకరించడమైనది

శ్రీ సర్వోత్తమ డిగ్రీ కళాశాలలో ఫ్రెంచి పరీక్ష తప్పిన మొదటి విద్యార్థిని పేరు కాపగంటి లూయిజ. ఆ ఏడు ఫ్రెంచి పరీక్ష రాసినవాళ్లలో ఫ్రెంచి వచ్చింది కూడా ఆమె ఒక్కతికే.

కళాశాల గోదావరి పాయకి ఇవతల, యానానికి బస్సులో గంట దూరంలో ఉంది. అక్కడ రెండో భాషగా తెలుగు, హిందీ, సంస్కృతం, ఫ్రెంచి ఉన్నాయి. తెలుగులో మార్కులు రావు. అది దిద్దేవాళ్లకి వచ్చిన భాష కాబట్టి తప్పులు కనిపిస్తాయి. ఫ్రెంచిలో ఆ ఇబ్బంది లేదు. విశ్వవిద్యాలయ నిబంధన ప్రకారం ఫ్రెంచి పేపరుకి జవాబులు తెలుగులో గాని ఇంగ్లీషులో గాని రాయవచ్చు. ప్రశ్నలూ ఆ రెండు భాషల్లోనే వస్తాయి. ఫ్రెంచి అన్న మాట ప్రశ్నపత్రం పైన ఒకచోట, హాల్ టికెట్ మీద ఒకచోట ఉంటుంది. డిగ్రీ మొత్తానికి ఈ పరీక్ష ఒక్కటే, ఆఖరి ఏట.

ఫ్రెంచి చెప్పేది కర్రి వీరభద్రం. ఆయన వృక్షశాస్త్రం లెక్చరరు. వృక్షశాస్త్రంలో చేరేవాళ్లు తగ్గి వర్క్‌లోడ్ చాలకపోతే, యాజమాన్యం ఆయనకి ఫ్రెంచి అప్పగించింది. ఆయన శ్రమపడి ఒక గైడు తయారు చేశాడు. అందులో పరీక్షకి వచ్చే ప్రశ్నలన్నిటికీ తెలుగులో జవాబులున్నాయి. "పారిస్ నగరము సీన్ నదీ తీరమున విరాజిల్లుచున్నది" అని వ్యాసం మొదలవుతుంది. ఆ వాక్యం మారితే రెండు మార్కులు పోతాయి. మార్చనివాళ్లకి తొంభై దాటుతుంది.

లూయిజ రెండో భాషగా ఫ్రెంచి తీసుకోవడానికి కారణం ఆ భాష ఆమెకి రావడమే. ఆ కారణంతో ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్లు అంతకుముందు లేరు.

ఆమెకి ఫ్రెంచి ఇంట్లో వచ్చింది. మామ్మ అన్నమ్మ భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు. ఆవిడ పెళ్లయిన కొత్తలో ఆయన వెంట ఫ్రాన్సు వెళ్లి చాలాకాలం ఉండి వచ్చింది. యానాం తిరిగొచ్చాక ఆవిడకి ఫ్రెంచితో ఒక్క పనే మిగిలింది, కోడల్ని తిట్టడం. తెలుగులో తిడితే వీధిలో వాళ్లు వింటారు. కోడలు రామచంద్రపురం అమ్మాయి, ఫ్రెంచి ముక్క రాదు. ఆవిడ కూతుర్ని పిలిచి "ఏవంటందే మీ మామ్మ?" అని అడిగేది. విన్నది విన్నట్టు చెబితే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకని లూయిజ "పులుసులో ఉప్పు తగ్గిందంటందమ్మా" అని చెప్పేది. మామ్మ ఎంతసేపు తిట్టినా తెలుగులోకి వచ్చేసరికి ఉప్పో కారమో తగ్గేది.

కిందటి వేసవిలో ఆమెకి వేరే పని దొరికింది. కాకినాడ రేవు దగ్గర ఒక కంపెనీ ఫ్రాన్సు నుంచి యంత్రాలు తెప్పించింది. బిగించడానికి లాంబేర్ అనే ఇంజనీరు వచ్చాడు. అతనికి ఫ్రెంచి తప్ప రాదు. మేస్త్రీలకి తెలుగు తప్ప రాదు. లూయిజ సెలవులన్నాళ్లూ మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. విన్నది విన్నట్టు చెప్పింది. ఎవరూ అన్నం మానలేదు. డిగ్రీ పాసై వస్తే ఉద్యోగం నీదేనన్నారు కంపెనీవాళ్లు. లూయిజకి ఆ ఉద్యోగం కావాలి.

పరీక్షలో 'పారిస్ నగరమును వర్ణిస్తూ మిత్రునికి లేఖ వ్రాయుము' అని వచ్చింది. మామ్మ చెప్పిన పారిస్ గురించి లూయిజ ఫ్రెంచిలో రాసింది. పేపరు దిద్దినాయన హిందీ లెక్చరరు. ఆయన జవాబుల కీ పక్కన పెట్టుకుని పోల్చి చూశాడు. ఎక్కడా కలవలేదు. 'సబ్జెక్టుకు సంబంధం లేని విషయం వ్రాసినది' అని రాసి నాలుగు మార్కులు వేశాడు. ఆ నాలుగూ దస్తూరీకి. లూయిజ రీవాల్యుయేషన్‌కి పెట్టింది. అందులో దస్తూరీకి ఒకటి తగ్గింది.

నూటికి నూరు వచ్చినవాడు ఆమె క్లాస్‌మేట్ పితాని భాస్కర్. నోటీసు బోర్డు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఏవే లూయిజా, నీకు మూడంట గదా. ఇంట్లో మీ మామ్మ ఫ్రెంచిలోనే తుమ్ముద్ది. నీకు మూడేంటే?"

"నువ్వేం రాశావురా?"

"సీన్ నదీ తీరమున విరాజిల్లుచున్నదని రాశాను."

"సీన్ నది ఎక్కడుందిరా?"

"తీరం పక్కన," అన్నాడు భాస్కర్.

వీరభద్రం స్టాఫ్ రూములో ఉన్నాడు. ఆయన మంచివాడు. లూయిజని కూర్చోమన్నాడు.

"అమ్మా, నిన్నొకటి అడుగుతాను, ఏమనుకోకు. ఫ్రెంచి పేపర్లో ఫ్రెంచి ఎందుకు రాశావు?"

"ఫ్రెంచి పేపరు కదండి."

"వృక్షశాస్త్రం పేపర్లో మొక్కలు నాటతామా? నేనిన్నేళ్లుగా చెబుతున్నాను. మన పిల్లల్లో ఒక్కళ్లయినా ఇలా చేశారా? గైడులో ఏం తక్కువైందమ్మా?"

"తక్కువేం లేదండి. మెర్సి," అని లూయిజ లేచింది.

"అంటే?"

"కృతజ్ఞతండి."

"మెర్సి," అన్నాడు వీరభద్రం. ఆయన నోట్లో పడిన మొదటి ఫ్రెంచి మాట అది. తర్వాత ఆయన చాలా బాధపడ్డాడు.

ప్రిన్సిపాల్ డాక్టర్ వడ్లమాని త్రివిక్రమరావుకి బాధ వేరే ఉంది. ఫ్రెంచిలో కళాశాలకి ఏటా నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. ఆ మాట గేటు మీద బోర్డులో రాసి ఉంది. పెయింటరుకి కబురు చేసి, అతను వచ్చేలోగా విశ్వవిద్యాలయానికి ఉత్తరం పెట్టాడు. అందులో లూయిజకి ఇంటి దగ్గర ఫ్రెంచి వచ్చుననీ, ఆ కారణం చేతనే తప్పిందనీ, సానుభూతితో పరిశీలించాలనీ కోరాడు.

విశ్వవిద్యాలయం సానుభూతి సంగతి వదిలేసి మొదటి ముక్క పట్టుకుంది.

దానిమీద భాషా సమానావకాశాల సంఘం కూర్చుంది. అధ్యక్షుడు ఆచార్య నడింపల్లి శేషగిరిరాజు, అర్థశాస్త్రం. ఆయన సంఘం ముందుంచిన వాదం తప్పుపట్టడానికి వీల్లేనిదని సభ్యులు మినిట్స్‌లో రాశారు. ప్రశ్నపత్రాన్ని పరీక్షకు ముందు చూసిన విద్యార్థిని డిబార్ చేస్తున్నాము. ప్రశ్నపత్రమనగా భాషలో ఒక చిన్న భాగము. భాగాన్ని చూసినవారే దోషులైనప్పుడు, భాష యావత్తూ ముందుగా చూసినవారి సంగతేమిటి?

సర్క్యులర్ వచ్చింది. ఏ భాషనైనా రెండో భాషగా తీసుకునే విద్యార్థులు ఆ భాష తమకు రాదని గెజిటెడ్ అధికారి చేత ధ్రువపత్రం తీసుకురావలెను. ఇదివరకే పాసైనవారు సైతం తెచ్చి కళాశాలలో దాఖలు చేయవలెను. దీనిపేరు అజ్ఞాన ధ్రువపత్రం. అది లేనివారిని సప్లిమెంటరీకి అనుమతించరు. లూయిజ సప్లిమెంటరీ రాయాలి.

గెజిటెడ్ అధికారుల్లో తేలిగ్గా దొరికేది పశువుల డాక్టరు. సర్వోత్తమ కళాశాల ఫ్రెంచి క్లాసు మొత్తం గేదెల వెనక వరసలో నిలబడింది. డాక్టరు ఒక్కొక్కరినీ "ఫ్రెంచి వచ్చా?" అని అడిగాడు. "రాదండి" అన్నవాళ్లకి సంతకం పెట్టి ముద్ర వేశాడు. భాస్కర్ వంతు వచ్చినప్పుడు అడగనైనా లేదు. మొహం చూసి ముద్ర వేశాడు.

లూయిజ వంతు వచ్చింది.

"ఫ్రెంచి వచ్చా?"

"రాదండి."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "నువ్వు యానాం అన్నమ్మగారి మనవరాలివి కదూ? కిందటేడు మీ మేకకి సూదేసింది నేనే. సూది తగలగానే మీ మామ్మ నన్ను ఏ భాషలో తిట్టింది?"

"ఫ్రెంచిలోనండి."

"నేనడిగితే నువ్వేం చెప్పావు?"

"డాక్టరు గారి చెయ్యి మెత్తన అంటందని చెప్పానండి."

"ఆవిడన్నది అదేనా?"

లూయిజ వరసలో ఉన్న ఒక మేక వైపు చూసింది. అది వేరేవాళ్ల మేక.

"తప్పుడు సర్టిఫికెట్టిస్తే నా ఉద్యోగం పోద్దమ్మా. నెక్స్ట్," అన్నాడు డాక్టరు. తర్వాతిది గేదె.

ఈలోగా విశ్వవిద్యాలయం ఇంకో అడుగు వేసింది. భాష రాని విద్యార్థులకి భాష వచ్చిన అధ్యాపకుడు పాఠం చెబితే, ఏదో ఒక క్షణంలో భాష బయటికి పొక్కే ప్రమాదం ఉంది. కాబట్టి అధ్యాపకులు కూడా ధ్రువపత్రం ఇవ్వాలి. ఈ విషయంలో వీరభద్రం రికార్డు నిష్కళంకమైనదని యాజమాన్యం సన్మానం తలపెట్టింది. శాలువా కొన్నారు. అప్పుడే ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. స్టాఫ్ రూములో ఆయన ఒక ఫ్రెంచి మాట పైకి అన్నట్టు అందులో ఉంది. ప్రిన్సిపాల్ మెమో ఇచ్చాడు. వీరభద్రం జవాబు రాసుకున్నాడు. ఆ మాట తన నోట అనుకోకుండా వచ్చిందనీ, అర్థం తెలిసిన మాట వాస్తవమనీ, మరచిపోవడానికి ప్రయత్నిస్తున్నాననీ, పురోగతిని వారం వారం తెలియజేస్తాననీ.

లూయిజ కారిడార్లో ఎదురైతే ఆయన గోడవైపు తిరిగాడు.

"సర్, గైడు కావాలండి. సప్లిమెంటరీకి చదువుకుంటాను."

"ఇస్తానమ్మా. గానీ నువ్వు మాత్రం ఏం అనకు. థాంక్స్ కూడా అనకు. తీసుకుని వెళ్లిపో."

గెజిటెడ్ సంతకం దొరకనివాళ్లకి సర్క్యులర్‌లో ఒక దారి ఉంది. సంఘమే స్వయంగా అజ్ఞాన నిర్ధారణ పరీక్ష జరుపుతుంది. రాష్ట్రమంతటికీ ఆ దారికి దరఖాస్తు పెట్టుకున్నది లూయిజ ఒక్కతే.

పరీక్షకి తేదీ పెట్టాక సంఘానికి ఒక చిక్కు కనిపించింది. అభ్యర్థినికి ఫ్రెంచి రాదని తేల్చాలంటే ఫ్రెంచి వచ్చినవారు కావాలి. విశ్వవిద్యాలయంలో ఉన్న ఫ్రెంచి అధ్యాపకులందరూ రాదని ధ్రువపత్రాలు ఇచ్చారు. బయటివారిని పిలవాలంటే వారికి ఫ్రెంచి వచ్చునని విశ్వవిద్యాలయ రికార్డులో ఆధారం ఉండాలి. రికార్డులన్నీ వెతికించారు. 'ఫ్రెంచి వచ్చును' అని రాతపూర్వకంగా ఉన్నది ఒక్కచోటే, ప్రిన్సిపాల్ త్రివిక్రమరావు ఉత్తరంలో. ఆ ఉత్తరం కాపగంటి లూయిజ గురించి.

లూయిజకి ఒకే రోజు రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో అభ్యర్థినిగా హాజరు కావలెనని ఉంది. రెండోదాంట్లో విషయ నిపుణురాలిగా విచ్చేయ ప్రార్థన అని ఉంది.

పరీక్ష కళాశాల సెమినార్ హాల్లో జరిగింది. లూయిజకి తోడు మామ్మ వచ్చింది. ఆవిడ వరండాలో కిటికీ పక్క బల్ల మీద కూర్చుంది. లోపల శేషగిరిరాజు, ఇంకో ఇద్దరు సభ్యులు. వాళ్ల ముందు ఎడంగా రెండు ఆసనాలు వేశారు. ఒకటి మెత్త కుర్చీ, దాని పక్క టీపాయి మీద టీ, బిస్కట్లు. రెండోది ఇనప స్టూలు.

"నిపుణురాలు వచ్చారా?" అన్నాడు శేషగిరిరాజు.

"వచ్చానండి."

"అభ్యర్థిని?"

"వచ్చానండి."

"ఇద్దరూ సకాలంలో హాజరైనట్టు రాసుకోండి. మేడం, అభ్యర్థినితో మీకు పూర్వ పరిచయం ఉన్నదా?"

"ఉందండి."

"బంధుత్వం?"

లూయిజ ఆలోచించింది. "బంధుత్వం లేదండి."

"బంధుత్వం లేని పక్షంలో అభ్యంతరం లేదు. దయచేసి ఆరంభించండి."

లూయిజ మెత్త కుర్చీలో కూర్చుంది. మీ పేరేమిటని ఫ్రెంచిలో అడిగింది. లేచి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఊరుకుంది.

"అభ్యర్థిని తెలియక ఊరుకున్నదా, తెలిసి ఊరుకున్నదా? మేడం అభిప్రాయం?"

"తెలియకేనండి," అంది లూయిజ.

"మేడం తమ ఆసనంలోంచి చెప్పవలెను."

లూయిజ లేచి వచ్చి కుర్చీలో కూర్చుని చెప్పింది. టీ తాగమన్నారు. తాగుతుండగా తర్వాతి ప్రశ్న అన్నారు. గ్లాసు పట్టుకునే స్టూలు మీదికి వెళ్లింది. అటెండరు అప్పన్న వచ్చి గ్లాసు తీసుకున్నాడు. "ఈ టీ మేడంగారిదమ్మా," అన్నాడు మెల్లిగా. "తవరికి లేదు."

ఊరు, వయసు, అన్నదమ్ములు అయ్యాయి. అభ్యర్థిని దేనికీ పలకలేదు. రెండో సభ్యుడికి తృప్తి కలగలేదు.

"మౌనం రుజువు కాదు సార్. ఎంతటివారైనా తిడితే ఆగలేరు. నిపుణురాలిని గట్టిగా ఒక మాట అనమనండి. అర్థమైన పక్షంలో మొహంలో తెలిసిపోతుంది."

"సబబుగా ఉన్నది. మేడం, తిట్టండి," అన్నాడు శేషగిరిరాజు.

లూయిజకి తెలిసిన తిట్లన్నీ మామ్మవి. అందులో ఒకటి మామ్మ ఒకే ఒక్కసారి అంది, లూయిజ తండ్రి చనిపోయిన రోజున, ఆమె తల్లిని. ఆ రోజు తల్లి "ఏవంటందే?" అని అడిగితే "అన్నం తినమంటందమ్మా" అని లూయిజ చెప్పింది. ఆమె ఆ వాక్యాన్ని ఇప్పుడు కుర్చీలో కూర్చుని పైకి అంది. లేచి వెళ్లి స్టూలు మీద కూర్చుని విన్నది.

"అభ్యర్థిని కళ్లలో నీరు కనిపిస్తున్నది," అన్నాడు రెండో సభ్యుడు.

లూయిజ కుర్చీలోకి వచ్చింది. "అర్థమైనవాళ్లకి కోపం వస్తుందండి. అర్థం కానివాళ్లకే భయం వేసి నీళ్లొస్తాయి."

రాసుకున్నారు. ఆమె మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

అప్పుడు కిటికీలోంచి మామ్మ గొంతు వినిపించింది. ఆవిడ ఫ్రెంచిలో మాట్లాడుతోంది. ఆ మధ్యలో కూర్చున్నవాడు ఉడకబెట్టిన వంకాయలా ఉన్నాడనీ, వాడి ముందు కోడిపెట్టలా లేస్తూ కూర్చుంటూ ఏం చేస్తున్నావనీ అడుగుతోంది.

"ఎవరా పెద్దావిడ? మేడం, ఆవిడ ఏమంటున్నారు?"

లూయిజ కుర్చీలోకి వచ్చింది. "చైర్మన్ గారి మొహంలో వర్చస్సు ఉందంటున్నారండి."

శేషగిరిరాజు కండువా సర్దుకున్నాడు. "పెద్దలు. అభ్యర్థిని నవ్వినట్టున్నది?"

"దగ్గిందండి."

"కానివ్వండి. అభ్యర్థిని తన స్థానంలో కూర్చోవలెను. ముగిస్తున్నాము."

లూయిజ స్టూలు మీద కూర్చుంది. మామ్మ కిటికీ ఊచలు పట్టుకుని, గొంతు తగ్గించి, ఫ్రెంచిలోనే ఇంకో మాట అడిగింది. పొద్దున బస్సు తొందరలో ఏమీ తినకుండా వచ్చావు, ఆకలేస్తోందా అని. ముగ్గురు సభ్యులూ స్టూలు వైపు చూస్తున్నారు. లూయిజ నోరు తెరిచింది. మామ్మ అడిగితే ఆమె పలకని రోజు లేదు. నోరు మూసుకుంది. మామ్మ మళ్లీ అడిగింది. లూయిజ తల తిప్పలేదు.

"స్పష్టంగా ఉన్నది," అన్నాడు శేషగిరిరాజు. "మేడం నిర్ణయం?"

"అభ్యర్థినికి ఫ్రెంచి రాదండి."

నిపుణురాలు సంతకం చేసింది. అభ్యర్థిని సంతకం చేసింది. రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయని మూడో సభ్యుడు అన్నాడు. బంధుత్వం లేదని ముందే రాసుకున్నారు కాబట్టి ఆ సంగతి అంతటితో ముగిసింది.

తిరుగు బస్సులో మామ్మ కిటికీ పక్కన కూర్చుంది. వంతెన దాటాక తెలుగులో అడిగింది. "ఆకలేస్తందా అంటే పలకవేంటే? చెవుడొచ్చిందా?"

లూయిజ ఫ్రెంచిలో ఏదో చెప్పబోయింది. మామ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ తెలుగులోనే అంది. "అక్కర్లేదులే. ఇంటికెళ్లాక మీ అమ్మనడిగి పెట్టించుకో."

సప్లిమెంటరీలో లూయిజ పారిస్ నగరము సీన్ నదీ తీరమున విరాజిల్లుచున్నదని రాసింది. తొంభై ఎనిమిది వచ్చాయి. గేటు మీది నూరు శాతాన్ని పెయింటరు మళ్లీ దిద్దాడు. మార్కుల మెమో మీద ఎర్ర సిరాతో ఒక ముద్ర ఉంది: 'ఈ అభ్యర్థినికి ఫ్రెంచి రాదని విచారణలో తేలినందున ధ్రువీకరించడమైనది.' గెజిటెడ్ సంతకాలు తెచ్చుకున్నవాళ్ల పత్రాలు కళాశాల బీరువాలో ఉండిపోయాయి. విచారణ జరిగింది లూయిజకే కాబట్టి ముద్ర ఆమె మెమో మీదే పడింది.

ఆమె మెమో తీసుకుని కాకినాడ వెళ్లింది. కంపెనీ హెచ్‌ఆర్ మేనేజరు కేతా సుబ్బరాయుడు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇదేంటమ్మా?"

"అదొక రూలండి. కిందటి వేసవిలో నేను ఇక్కడే పనిచేశాను కదండి. మీరే చూశారు."

"చూశాను. అప్పటికి యూనివర్సిటీ ఏమీ చెప్పలేదు కాబట్టి నీకు వచ్చనుకున్నాం."

ఇంతలో లాంబేర్ లోపలికి వచ్చాడు. లూయిజని చూసి చేతులు చాపి గబగబా మాట్లాడాడు. ఆమె జవాబు చెప్పింది. అతను నవ్వాడు. ఆమె నవ్వింది. సుబ్బరాయుడు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఏమంటాడు?"

"నన్ను ఈ రోజు నుంచే పనిలోకి రమ్మంటున్నారండి. మేస్త్రీలు వాల్వు తిరగేసి బిగించారంట. సైగలతో చెప్పలేక చస్తున్నానంటున్నారు."

"అది నువ్వు చెబుతున్నావు. నీకు రాదని ఇక్కడ ముద్ర ఉంది. రానివాళ్లు చేసిన తర్జుమా మీద నేను అపాయింట్‌మెంట్ ఎలా ఇవ్వనమ్మా?"

లాంబేర్ బల్ల మీద కొట్టి ఇంకో మాటన్నాడు.

"ఇప్పుడేమంటాడు?"

ఇక్కడ ఉప్పూ లేదు, పులుసూ లేదు. లూయిజ విన్నది విన్నట్టు చెప్పింది. "మిమ్మల్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టిన గాడిద ఎవరని అడుగుతున్నారండి."

సుబ్బరాయుడు నవ్వాడు. "చూశావా? ఆయన నాతో అలా ఎందుకంటాడు? నీకు రాదమ్మా. ముద్ర ఉత్తినే వెయ్యరు."

అయినా సుబ్బరాయుడు మనసున్నవాడు. వాల్వు సంగతి కూడా ఆలోచించాడు. మెమో అటూ ఇటూ తిప్పి చూసి ఒక మార్గం కనిపెట్టాడు. ఉద్యోగం పేరు ఫ్రెంచి–తెలుగు అనువాదకులు. లూయిజకి ఫ్రెంచి రాదని విశ్వవిద్యాలయం తేల్చింది. తెలుగు రాదని ఎవరూ తేల్చలేదు. ఆమె తెలుగు పరీక్షే రాయలేదు. కాబట్టి ఉద్యోగాన్ని రెండు చేసి, తెలుగు సగానికి ఆమెను తీసుకోవచ్చు.

"ఫ్రెంచి సగానికి ఎవరండి?"

"మార్కులున్నవాణ్ని చూస్తాం."

ప్రకటన వేశారు. అర్హత: డిగ్రీలో ఫ్రెంచి రెండో భాషగా తొంభైకి తగ్గకుండా. చాలామంది వచ్చారు. నూటికి నూరు వచ్చినవాణ్ని తీసుకున్నారు.

లూయిజ తెలుపు హెల్మెట్ పెట్టుకుని సైట్లోకి వచ్చేసరికి, పసుపు హెల్మెట్‌లో పితాని భాస్కర్ నిలబడి ఉన్నాడు.

"ఇదేంట్రా, నువ్వా?"

"నేనేనే. ఫ్రెంచి సైడు నాది. ఆయన మాట్టాడినంతసేపూ నేనినాలంట. అయ్యాక నువ్వు తెలుగులో చెప్పాలంట. మధ్యలో నువ్వినకూడదు."

"మరి నువ్వు నాకు చెప్పాలి కదరా."

"ఆ సంగతి ఆర్డర్లో లేదు."

లాంబేర్ వచ్చాడు. వాల్వు చూపించి చాలాసేపు మాట్లాడాడు. భాస్కర్ అతని ముందు నిలబడి, మాట మాటకీ తలూపాడు. లూయిజ రెండడుగులు వెనక, మేస్త్రీల పక్కన నిలబడింది. లాంబేర్ ఆపగానే మేస్త్రీలకి తెలుగులో చెప్పింది. వాల్వు విప్పారు, తిరగేశారు, బిగించారు. యంత్రం కదిలింది. రిజిస్టర్లో ఇద్దరూ సంతకం పెట్టారు, పైన భాస్కర్, కింద లూయిజ.

మధ్యాహ్నం భోజనాల దగ్గర లాంబేర్ లూయిజ పక్కన కూర్చున్నాడు. భాస్కర్ వైపు చూపించి ఫ్రెంచిలో అడిగాడు.

"అతనెవరు?"

"మీ మాట వినే ఉద్యోగి."

"మరి నువ్వు?"

"నేను చెప్పే ఉద్యోగిని."

లాంబేర్ ముద్ద కంచంలో పెట్టేశాడు. "అతనికి నా మాట అర్థమవుతుందా?"

భాస్కర్ ఇటు తిరిగాడు. "నా గురించేనా? ఏవంటాడే?"

లూయిజ ముందు లాంబేర్‌కి జవాబు చెప్పింది. "అతనికి నూటికి నూరు వచ్చాయండి." తర్వాత భాస్కర్ వైపు తిరిగింది. "నీకు అర్థమవుతుందా అని అడుగుతున్నాడు."

భాస్కర్ లాంబేర్ వైపు చూసి తలూపాడు.